రెండు షాట్ల నడుమ

సూళ్లూరుపేటలో రాకెట్ లేచే రోజు ఊరంతా కెమెరాలే. రాకెట్ కేంద్రం షార్‌కు పోయే రోడ్డు మీద, పులికాట్ సరస్సు అంచున, స్టేషన్ దగ్గర, ఇళ్ల మిద్దెల మీద ప్రతి చేతిలోనూ ఒక ఫోను తూర్పుకు తిరిగి ఉంటుంది. సాయంత్రానికి ఆ ముక్కలన్నీ కలిసి వీడియోలవుతాయి. చెంగాళమ్మ గుడి, కాళంగి వంతెన, చలికాలమైతే ఉప్పునీటిలో వరుస కట్టిన ఫ్లెమింగోలు, ఆ తర్వాత నిప్పు, పొగ, ఆకాశంలో ఒక తెల్లటి గీత. ఫోనులోని ఎడిటింగ్ యాప్‌లో ఒక్కో ముక్కకూ ఇంకో ముక్కకూ మధ్య చిన్న డబ్బా ఒకటి కనిపిస్తుంది. దాన్ని తాకితే ట్రాన్సిషన్ల జాబితా తెరుచుకుంటుంది. కరిగేది, జారేది, తిరిగేది, పగిలేది, మెరిసేది, ఇంకా పదుల కొద్దీ. చాలామంది అందులో కంటికి నచ్చినదాన్ని ఎంచుకుని ముందుకు పోతారు. ఆ చిన్న డబ్బా వెనక లెక్కలున్నాయి, కంటి శాస్త్రం ఉంది, చెవి శాస్త్రం ఉంది, నూట ఇరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, రెండు షాట్ల నడుమ ఏం జరిగిందో చూసేవాళ్లకు నిజాయితీగా చెప్పాల్సిన బాధ్యత ఉంది. నేను పట్టుబట్టేది ఆ చివరి మాట గురించే.

ముందు లెక్క చూద్దాం. ఫ్లెమింగోల షాట్ కరిగిపోతూ రాకెట్ షాట్ తేలుతోందనుకోండి. దీన్నే డిజాల్వ్ అంటారు. తెర మీది ప్రతి బొమ్మా లక్షల చుక్కలతో తయారవుతుంది. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలుంటాయి. మామూలు వీడియోలో ఒక్కో అంకె 0 నుంచి 255 దాకా ఉంటుంది. డిజాల్వ్ మొదట్లో ఫ్లెమింగో చుక్క విలువలో నూరు శాతం, రాకెట్ చుక్క విలువలో సున్నా శాతం తీసుకుని కలుపుతుంది సాఫ్ట్‌వేర్. తర్వాతి ఫ్రేములో 96, 4. ఆ తర్వాత 92, 8. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక సెకను డిజాల్వ్ అంటే ఈ నిష్పత్తి 25 మెట్లలో పూర్తిగా తలకిందులవుతుంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో 20 లక్షలకు పైగా చుక్కలుంటాయి కాబట్టి ఆ ఒక్క సెకనుకు మీ ఫోను చేసే గుణకారాలు కోట్లలోకి పోతాయి. అయినా అందులో ఉన్నది రెండింటి వాటాలు మార్చి మార్చి కలపడమే, అంతకుమించి మాయేమీ లేదు.

ఇక్కడే కొత్తవాళ్లు తరచూ తడబడతారు. డిజాల్వ్ జరుగుతున్నంతసేపూ రెండు షాట్లూ ఒకేసారి నడుస్తూ ఉండాలి. ఒక షాటు తెగి ఇంకోటి మొదలయ్యే చోటు, అంటే కట్, సరిగ్గా నడుమకు వచ్చేటట్టు ఒక సెకను డిజాల్వ్ పెడితే, మొదటి షాటు కట్ దాటాక ఇంకో అర సెకను, రెండో షాటు కట్‌కు ముందు అర సెకను కావాలి. అంటే అటూ ఇటూ 12, 13 ఫ్రేముల చొప్పున మిగులు ఉండాలి. ఎడిటర్లు దీన్ని హ్యాండిల్ అంటారు. ఫోనులో తీసినప్పుడు ఫ్లెమింగోలు ఎగిరీ ఎగరకముందే రికార్డింగ్ ఆపేస్తే, ఆ క్లిప్ చివర మిగులు ఉండదు. అప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు సరిపడా వీడియో లేదని హెచ్చరించి చివరి ఫ్రేమునే పదే పదే నిలబెడతాయి. ఎగురుతున్న పక్షి రెక్క విప్పి గాల్లో బిగుసుకుపోయి, ఆ మీదట కరుగుతుంది. కొన్ని యాప్‌లు చెప్పా పెట్టకుండా రెండు క్లిప్పులనూ లోపలికి జరుపుకుంటాయి. పాట తాళానికి సరిగ్గా పెట్టుకున్న తర్వాతి కట్లన్నీ ఒక సెకను ముందుకు పోతాయి. రాకెట్ వీడియోలకు ఇది మరీ కష్టం. మంట అంటుకున్న క్షణం క్లిప్‌లో మొదటి ఫ్రేముకే వచ్చేస్తే దానికి ముందు కరిగించడానికి ఏమీ ఉండదు. అందుకే షూటింగ్‌లో ఆరితేరినవాళ్లు అవసరమైనదానికంటే ముందు రెండు మూడు సెకన్లు, వెనక రెండు మూడు సెకన్లు ఊరికే తీసి ఉంచుతారు. ఇస్రో ప్రత్యక్ష ప్రసారంలో మాత్రం ఈ బెడద లేదు. అక్కడ కెమెరాలన్నీ ఆగకుండా నడుస్తూనే ఉంటాయి. మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషి ఏ క్షణంలో ఏ కెమెరాను కోరుకున్నా దానికి వెనకా ముందూ బొమ్మ సిద్ధంగా ఉంటుంది.

వాటాలు కలపడం అన్నానుగానీ, అందులో ఒక మెలిక ఉంది. వీడియో ఫైల్‌లో ఉండే అంకె నేరుగా కాంతి కొలత కాదు. మన కన్ను చీకట్లోని చిన్న తేడాలను బాగా పసిగడుతుంది, వెలుతురులోని తేడాలను అంతగా పట్టించుకోదు. దానికి తగ్గట్టు అంకెలను ఒక వంపు రేఖ ప్రకారం పంచుతారు. దీన్ని గామా అంటారు. దీనివల్ల 255లో సగమైన 128ని తెర మీద వెలిగిస్తే సగం కాంతి రాదు, దాదాపు 22 శాతమే వస్తుంది. నిజంగా సగం కాంతి కావాలంటే అంకె 188 దగ్గర ఉండాలి. రాత్రి ప్రయోగం వీడియోలో ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. నల్లటి ఆకాశం మీద తెల్లగా మండే జ్వాల ఉన్న షాటును, చీకటి రోడ్డున్న షాటుతో కరిగించండి. అంకెలను నేరుగా కలిపితే సగం దారిలో జ్వాల బూడిద రంగుకు దిగి మసకబారుతుంది. కాంతి లెక్కలో కలిపితే జ్వాల చాలాసేపు వెలుగుతూనే ఉండి, చీకటి షాటును చీల్చుకుంటూ చివర్లో చల్లారుతుంది. అడోబ్ ప్రీమియర్‌లో క్రాస్ డిజాల్వ్, ఫిల్మ్ డిజాల్వ్ అని రెండు వేర్వేరుగా ఉండటానికి కారణం ఇదే. రెండోది కాంతి లెక్కలో కలుపుతుంది. నిప్పు, దీపాలు, బాణసంచా ఉన్న చోట నేను రెండోదానికే ఓటు వేస్తాను.

దానికి ఫిల్మ్ పేరు పెట్టడానికి కారణముంది. రసాయన ఫిల్ము రోజుల్లో అంకెలు లేవు, కాంతే ఉంది. మొదటి షాటు చివర కెమెరా షట్టరును మెల్లగా మూస్తూ చీకటిలోకి దించేవారు. ఫిల్మును అంతే పొడవు వెనక్కి చుట్టేవారు. అదే ముక్క మీద రెండో షాటును మెల్లగా తెరుస్తూ మళ్లీ ఎక్స్‌పోజ్ చేసేవారు. రెండు కాంతులూ ఒకే ఫిల్ము మీద నిజంగా కూడుకునేవి. ఫ్రాన్స్‌లో జార్జ్ మెలియెస్ 1899లో తీసిన సిండ్రెల్లాలో ఒక దృశ్యం నుంచి ఇంకో దృశ్యానికి ఇలాగే వెళ్లాడు. 1902లో చంద్రుడి మీదికి ప్రయాణం సినిమాలోనూ అదే పని చేశాడు. ఒక ఫిరంగి గుండులో కూర్చుని శాస్త్రవేత్తలు చందమామ దగ్గరికి పోవడం ఆ సినిమా కథ. 2008 అక్టోబర్ 22న చంద్రయాన్-1, 2023 జూలై 14 మధ్యాహ్నం 2:35కు చంద్రయాన్-3 ఈ పులికాట్ ఒడ్డు నుంచే చంద్రుడి దారి పట్టాయి. మెలియెస్ సినిమాలో ఇంకో వింత ఉంది. గుండు చంద్రుడి కంటిలో గుచ్చుకోవడం ఒక షాటులో చూపించాక, అదే గుండు నేల మీద దిగడాన్ని తర్వాతి షాటులో మళ్లీ మొదటి నుంచి చూపిస్తాడు. ఒకే సంఘటన రెండుసార్లు జరిగినట్టుంటుంది. రెండు షాట్ల నడుమ కాలం ఎలా నడవాలో అప్పటికింకా ఎవరూ తేల్చుకోలేదు. సినిమా భాషంతా ఆ తర్వాత కట్టుకున్నదే.

తెలుగు సినిమాకు ఆ భాష అబ్బింది మద్రాసు స్టూడియోల్లో. 1957లో వచ్చిన మాయాబజార్‌ను ఇప్పటికీ ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లకు చూపించవచ్చు. కె.వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం. ఘటోత్కచుడు శశిరేఖగా మారినా, మనిషి ఉన్నట్టుండి మాయమైనా, ఆ మాయకు ఆధారం కెమెరా వెంట్రుక వాసి కూడా కదలకపోవడం. వెనకున్న స్తంభం, తెర, దీపం అన్నీ ఉన్నచోటే ఉంటే, మారిన ఒక్క మనిషే మన కంటికి ఆనుతుంది. వెనక దృశ్యం కాస్త ఊగినా అది వేరే షాటని కన్ను పసిగట్టేస్తుంది. ఇవాళ రీల్స్‌లో చిటిక వేయగానే బట్టలు మారే వీడియోలు చేసే పిల్లలు ఫోనును స్టాండుకు బిగించి పాటించే నియమం అదే.

ల్యాబ్‌లో చేసే డిజాల్వ్‌కు ఖర్చు ఉండేది, నాణ్యతలో నష్టం కూడా ఉండేది. అసలు నెగెటివ్ నుంచి నకలు తీసి దాని మీద ఆప్టికల్ ప్రింటర్‌లో రెండు షాట్లనూ కలిపేవారు. నకలు కాబట్టి ఆ ముక్కలో గ్రెయిన్ పెరిగేది. పాత సినిమాలు చూస్తున్నప్పుడు, డిజాల్వ్ మొదలవడానికి కొన్ని క్షణాల ముందే బొమ్మ కాస్త మొరటుగా మారడం గమనించవచ్చు. ఎడిటింగ్ టేబుల్ మీద ఎడిటరుకు ఆ డిజాల్వ్ కనిపించేది కాదు. పాజిటివ్ మీద మైనపు పెన్సిలుతో ఒక ఏటవాలు గీత గీసి, 24 ఫ్రేములనో 48 ఫ్రేములనో పొడవు నిర్ణయించి ల్యాబ్‌కు పంపేవారు. ఫలితం ప్రింటు వచ్చాకే తెలిసేది. అందుకని ప్రతి డిజాల్వ్‌కూ కారణం ఉండాల్సి వచ్చేది. రాత్రి తెల్లవారిందా, ఏళ్లు గడిచాయా, పాత్ర గతంలోకి వెళ్లిందా? అలాంటి చోట తప్ప మిగతా అంతా నేరుగా కట్. ఈ క్రమశిక్షణ డబ్బు వల్ల వచ్చిందే కావచ్చు, కానీ దాని వల్ల ప్రేక్షకులకు ఒక స్పష్టమైన భాష అలవడింది. కరిగితే కాలం గడిచినట్టు. కట్ అయితే అదే సమయంలో ఇంకో చూపు. నల్లగా మునిగి తేలితే అధ్యాయం ముగిసినట్టు.

అసలు కట్ ఎందుకు పని చేస్తుందన్నది చాలా లోతైన ప్రశ్న. ప్రకృతిలో ఏదీ రెప్పపాటులో ఇలా మారిపోదు. ఒక క్షణం లాంచ్ ప్యాడ్, మరుక్షణం కంట్రోల్ రూములో ఒక ముఖం. ఆదిమ మానవుడి కంటికి ఇది పిడుగు పడినట్టుండాలి. అయినా మూడేళ్ల పిల్లలు కూడా తొణక్కుండా చూస్తారు. ఒక కారణం మన కన్నే ఒక ఎడిటరు కావడం. చూపు నిలకడగా జారదు, సెకనుకు మూడుసార్ల దాకా ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతుంది. గెంతే ఆ కొద్ది మిల్లీసెకన్లలో వచ్చే మసక దృశ్యాన్ని మెదడు మనకు తెలియనివ్వదు. దీనికి తోడు నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు రెప్ప వేస్తాం, ఆ చీకటి కూడా మనకు తెలియదు. లోకాన్ని మనం చూసేదే ముక్కలు ముక్కలుగా. ఎడిటర్ వాల్టర్ మర్చ్ 1974 నాటి ద కాన్వర్సేషన్ సినిమా కూర్చుతున్నప్పుడు ఒక సంగతి గమనించాడు. తాను కట్ చేయాలనుకున్న చోటికి దగ్గర్లోనే నటుడు జీన్ హ్యాక్‌మన్ రెప్ప వేస్తున్నాడు. ఒక ఆలోచన ముగిసినప్పుడు మనిషి రెప్ప వేస్తాడు, కట్ కూడా అక్కడే పడాలి అన్నది ఆయన సిద్ధాంతం. 2009లో జపాన్‌లో తమామీ నకానో బృందం మిస్టర్ బీన్ చూస్తున్నవాళ్ల కళ్లను కొలిచింది. చూసేవాళ్ల రెప్పలు ఒకరితో ఒకరికి సంబంధం లేకపోయినా ఒకే వేళకు పడుతున్నాయి. ఒక పని ముగిసిన చోట, ముఖ్యపాత్ర తెర మీద లేని చోట. కథ లేని ప్రకృతి దృశ్యాలు చూపిస్తే మాత్రం ఆ పొందిక లేదు. పులికాట్ పక్షుల మీద వీడియో చేసేవాళ్లకు ఇందులో ఒక సూచన ఉంది. ఫ్లెమింగో నీళ్లలోకి ముక్కు దించి, మేసి, పైకెత్తిందంటే ఒక పని ముగిసినట్టు. కట్ అక్కడ పెడితే కంటికి తెలియదు. ముక్కు నీళ్లలో ఉండగా పెడితే ఎవరో లాగినట్టుంటుంది.

టిమ్ స్మిత్, జాన్ హెండర్సన్ 2008లో ప్రచురించిన పరిశోధనలో ప్రేక్షకులను కట్ కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కట్ల కోసమే కాచుక్కూర్చున్నా, ఒక కదలిక నడుమ పడిన కట్లలో చెప్పుకోదగ్గ వాటాను వాళ్లు పట్టుకోలేకపోయారు. షాటు మారిన తర్వాత కూడా చేయి అదే వేగంతో అదే దిక్కుకు కదులుతుంటే ధ్యాసంతా ఆ చేతితోనే పోతుంది. 2010లో సెర్మిన్ ఇల్దిరార్, స్టెఫాన్ ష్వాన్ టర్కీలోని మారుమూల పల్లెల్లో ఎన్నడూ సినిమా చూడని పెద్దవాళ్లకు చిన్న చిన్న వీడియోలు చూపించారు. కొన్ని సినిమా అలవాట్లు వాళ్లకు అర్థం కాలేదు. ఒక ఇంటి బయటి దృశ్యం వెనకే లోపలి దృశ్యం వస్తే అది ఆ ఇంటిదేనని వాళ్లకు తోచలేదు. కానీ టీ కాచడం లాంటి తెలిసిన పని వరుసగా సాగితే, ఎన్ని కట్లున్నా హాయిగా అర్థం చేసుకున్నారు. రెండు షాట్లను అసలు కలిపి ఉంచేది ట్రాన్సిషన్ కాదు, వాటి మీదుగా సాగే పని. పని తెగితే ఏ తిరిగే డబ్బా, ఏ గుండె ఆకారం దాన్ని అతకలేవు.

ఈ కంటి శాస్త్రాన్ని పరీక్షించుకోవడానికి సూళ్లూరుపేటలోనే గొప్ప ప్రయోగశాల ఒకటుంది. మద్రాసు హైవే పక్కన ఉన్న వి ఎపిక్ థియేటర్. 2019 ఆగస్టు 30న సాహో సినిమాతో తెరుచుకున్న ఈ హాలు తెర వెడల్పు సుమారు 100 అడుగులు.   ఇప్పుడు ఒక లెక్క. ఆ తెరకు 75 అడుగుల దూరంలో కూర్చుంటే, ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా మీ చూపులో దాదాపు 67 డిగ్రీలు పరుచుకుంటుంది. నిలువుగా పట్టుకున్న ఫోను, అడుగు దూరంలో, అడ్డంగా 13 డిగ్రీల దగ్గరే ఉంటుంది. కంటి నడుమ స్పష్టంగా చూడగలిగే భాగం సుమారు 2 డిగ్రీలే. చేయి పూర్తిగా చాచి పట్టుకున్న బొటనవేలి గోరంత. కాబట్టి ఫోనులో కట్ పడి, చూడాల్సిన వస్తువు ఈ మూల నుంచి ఆ మూలకు మారినా కన్ను చిటికెలో వెతికి పట్టుకుంటుంది. వి ఎపిక్ తెర మీద అదే మార్పుకు నలభై యాభై డిగ్రీలు పోవాలి, తల కూడా తిప్పాలి. కన్ను మార్పును గుర్తించి కదలడానికే సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆపైన ప్రయాణం. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో ఐదారు ఫ్రేములు ప్రేక్షకుడు ఖాళీ చోటును చూస్తూ ఉండిపోతాడు. అందుకే పెద్ద తెరకు పని చేసే ఎడిటర్లు, ఒక షాటు చివర ప్రేక్షకుల చూపు ఎక్కడ నిలిచి ఉందో, తర్వాతి షాటులో ముఖ్యమైనది అక్కడే మొదలయ్యేటట్టు చూసుకుంటారు. ఫోనులో చకచకా నడిచిన ఎడిటింగ్ థియేటర్లో తల తిప్పితే, అందుకు కారణం దాని చిట్కాలు కాదు, కన్ను తిరగాల్సిన దూరం.

ఇదే సూత్రంతో సాగే అందమైన అతుకు మ్యాచ్ కట్. 1968లో స్టాన్లీ కుబ్రిక్ 2001: ఎ స్పేస్ ఒడిస్సీలో వానరం ఆకాశంలోకి విసిరిన ఎముక, ఒక్క కట్‌తో అంతరిక్ష నౌకగా మారుతుంది. లక్షల ఏళ్లు ఒక్క ఫ్రేము సందులో దాటిపోతాయి. ఆకారం, తెర మీది చోటు, కదలిక మూడూ పోలి ఉండటమే దాని బలం. పులికాట్‌లో ఇలాంటిది చేయడానికి కావలసినంత సరుకుంది. నీళ్ల మీద పరుగెత్తి గాల్లోకి లేచే ఫ్లెమింగోల గుంపు, కుడికి వాలి పైకి పోయే రాకెట్ గీత. రెండూ తెర మీద ఒకే కోణంలో, ఒకే వేగంతో సాగేటట్టు తీస్తే ఏ డిజాల్వూ అక్కర్లేదు. శీతాకాలంలో ఫ్లెమింగో పండుగకు వచ్చి వీడియోలు చేసేవాళ్లలో ఎవరైనా దీన్ని ఓపికగా ప్రయత్నించాలని నా కోరిక. ఒక్క మాట, పక్షుల్ని లేపడానికి రాళ్లు విసరకండి. అవి వాటంతట అవే లేచేదాకా కూర్చోవాలి.

పెళ్లి వీడియోల గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. వీసీఆర్ రోజుల్లో మిక్సర్ యంత్రాలు మన ఊళ్లకు వచ్చాక పెళ్లి క్యాసెట్లో నక్షత్రాలు విచ్చుకున్నాయి, పుటలు తిరిగాయి, గుండె ఆకారంలోంచి వధువు ముఖం తేలింది. తర్వాత ఎడియస్ లాంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. పాటకు సరిపడా ముందే అమర్చిన నమూనాలు వచ్చాయి. స్టూడియోల వాళ్లు వాటిలో ఫొటోలు, క్లిప్పులు నింపి ఇచ్చేవారు. వీటిని చిన్నచూపు చూడటం నాకు ఇష్టం లేదు. తాళి కట్టే దృశ్యం చుట్టూ పూలు రాలితే చూసే కుటుంబానికి అది వేడుకే, వాళ్లకు కావాల్సింది వేడుకే. కానీ రాకెట్ వీడియో, వరద వీడియో, ఊరి చెరువు మీద తీసిన చిన్న డాక్యుమెంటరీ అలాంటివి కావు. అక్కడ చూసేవాడికి ఏది ఎప్పుడు జరిగిందో తెలియాలి. జీఎస్ఎల్‌వీ రాకెట్‌కు మంట అంటుకున్న షాటుకూ, అది మబ్బుల్లో దూరిన షాటుకూ నడుమ పుట తిప్పితే ఎంత సమయం పోయిందో ఆ పుట చెప్పదు.

మెరుపు ట్రాన్సిషన్ల విషయంలో మాత్రం ఇష్టాయిష్టాలతో పని లేదు, ఇది ఆరోగ్యం మాట. తెల్లగా టపటపా కొట్టుకునే మెరుపులు కొందరిలో మూర్ఛను రప్పిస్తాయి. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు సుమారు 12 సార్లు మారిన ఒక దృశ్యం వల్ల దాదాపు 700 మందిని, ఎక్కువగా పిల్లల్ని, ఆస్పత్రులకు తీసుకుపోవాల్సి వచ్చింది. సెకనుకు మూడు మెరుపులు మించకూడదన్నది ఇప్పుడు ప్రసారాల్లోనూ వెబ్‌లోనూ పాటించే హద్దు. బీటు బీటుకూ ఒక తెల్ల ఫ్లాష్ పెట్టే నమూనాలు దీన్ని తేలిగ్గా దాటేస్తాయి.

వాట్సాప్‌లో పంపే వీడియోలకు ఇంకో చిక్కు. వీడియోను కుదించే హెచ్.264 లాంటి పద్ధతులు ప్రతి ఫ్రేమునూ మొత్తంగా దాచవు. ఫ్రేమును చిన్న చిన్న చదరాలుగా విడగొట్టి, ఈ చదరం ముందు ఫ్రేములో ఎక్కడుండేదో, ఎటు జరిగిందో మాత్రం రాసుకుంటాయి. నేరుగా కట్ పడితే ఒక్క ఫ్రేమును కొత్తగా దాచి మళ్లీ ఆ పద్ధతిలోనే సాగిపోతాయి. డిజాల్వ్‌లో అలా కుదరదు. ఏదీ జరగకుండానే ప్రతి చుక్క విలువా ప్రతి ఫ్రేములోనూ మారుతుంది. దీనికోసమే హెచ్.264లో వెయిటెడ్ ప్రెడిక్షన్ అనే ఏర్పాటు చేశారు. ముందు ఫ్రేమును ఇంత శాతం మసక చేసి వాడుకో అని చెప్పడానికి వీలవుతుంది. తేలికపాటి ఎన్‌కోడర్లు అన్నీ దాన్ని వాడవు. అప్పుడు పొగ మీద పొగ కరిగే చోట, సన్నటి ఛాయలన్నీ పోయి బొమ్మ గళ్లు గళ్లుగా చిట్లుతుంది. ఎక్కువ మంది ఫోనులో చూస్తారని తెలిసినప్పుడు పొగ షాట్ల నడుమ డిజాల్వ్ మానేసి కట్ పెట్టడం మేలు.

చివరగా చెవి. సూళ్లూరుపేట నుంచి లాంచ్ ప్యాడ్‌కు నేరుగా గీత గీస్తే సుమారు 23 కిలోమీటర్లు. మన తీరపు వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. వెలుగు క్షణంలో వస్తుంది, గర్జన రావడానికి దాదాపు 66 సెకన్లు పడుతుంది. పక్కన స్ట్రాపాన్ బూస్టర్లున్న పీఎస్ఎల్‌వీ అయితే, లేచినప్పటి మోత పేట మిద్దెలను తాకే వేళకు రాకెట్ 20 కిలోమీటర్ల ఎత్తు దాకా పోయి, నేల మీదే మండించిన స్ట్రాపాన్లను వదిలేయడానికి సిద్ధంగా ఉంటుంది. పైగా దూరం పోయేకొద్దీ గాలి పదునైన శబ్దాలను మింగేస్తుంది. మిగిలేది లోతైన గుడగుడ. ఆ గుడగుడను ఫోను మైకు సరిగా పట్టుకోదు. అందుకే చాలామంది దాన్ని తీసేసి, ఎక్కడో దొరికిన రాకెట్ శబ్దాన్ని మంట కనిపించిన ఫ్రేముకే అతికిస్తారు. ఊరికి దూరంగా ఉన్న పిల్లవాడు ఆ వీడియో చూసి, వెలుగూ శబ్దమూ కలిసే వస్తాయని నమ్ముతాడు. పక్కనే షార్ ఉన్న ఊళ్లో, భౌతికశాస్త్రాన్ని కళ్లకు కట్టినట్టు చూపే 66 సెకన్లు చేతిలో ఉండి పారేసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

శబ్దాన్ని అతికే పద్ధతిలోనూ లెక్కలున్నాయి. రెండు వేర్వేరు శబ్దాలను సగం సగంగా కలిపితే నడుమ మోత 3 డెసిబెల్స్ పడిపోతుంది. శబ్దాల శక్తి కూడుతుంది గానీ ఎత్తులు కూడవు. అందుకే కాన్‌స్టంట్ పవర్ అనే క్రాస్‌ఫేడ్‌లో నడిమధ్య రెండింటినీ 0.5 దగ్గర కాకుండా 0.707 దగ్గర ఉంచుతారు. ఒకే శబ్దాన్ని రెండుగా కోసి అతికేటప్పుడు మాత్రం మామూలు, సరళరేఖ క్రాస్‌ఫేడే సరి, లేకపోతే మధ్యలో ఉబ్బుతుంది. ఇంకొకటి, బొమ్మ, శబ్దం ఒకే ఫ్రేములో మారక్కర్లేదు. తర్వాతి షాటు శబ్దాన్ని ముందే వినిపిస్తే జె కట్, ముందరి షాటు శబ్దాన్ని తర్వాతి బొమ్మ మీదికి పాకిస్తే ఎల్ కట్. టైమ్‌లైన్ మీద క్లిప్పులు ఆ అక్షరాల ఆకారంలో కనిపిస్తాయి కాబట్టి ఆ పేర్లు. ఈ రెండూ నేర్చుకున్నవాళ్లకు నూటికి తొంభై చోట్ల వేరే ట్రాన్సిషన్ అవసరం పడదు.

మిద్దె మీది వీడియోకు నేనైతే ఇలా చేస్తాను. మంట కనిపించిన దగ్గర్నుంచి మిద్దె మీది మాటలు, ఈలలు, చప్పట్లు తెగకుండా నడవనిస్తాను. బొమ్మను మాత్రం కట్లతో మారుస్తాను. ఆకాశంలో గీత, పైకి చూస్తున్న ముఖాలు, పక్క మిద్దె, మళ్లీ గీత. 66 సెకన్లు మరీ ఎక్కువ అనిపిస్తే, పొగ లేని నీలాకాశం షాటు దగ్గర ఒక్క సెకను డిజాల్వ్ పెట్టి 30 సెకన్లు దాటేస్తాను. తెర మూలన నేను పెట్టిన గడియారం అంకె కూడా అంతే ముందుకు దూకుతుంది. అక్కడ కలిసే రెండు మాటల ముక్కలకూ కాన్‌స్టంట్ పవర్ క్రాస్‌ఫేడ్. ఆ తర్వాత గుడగుడ నిజంగా ఎప్పుడు వచ్చిందో అప్పుడే, ఫోనులో ఎంత వచ్చిందో అంతే.